బాల్టిమోర్‌లో ఎడ్గార్ ఎలన్ పో వర్ధంతి లెక్చర్, సమాధి దగ్గర నివాళి: వెళ్ళొచ్చాక నా రివ్యూ

అక్టోబర్‌లో బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళ కోసం ఈ రివ్యూ, ముఖ్యంగా ఆ టైమ్‌కి ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఇంట్లో ఉంటే తప్పకుండా చదవండి. ఇక్కడ ఎడ్గార్ ఎలన్ పో సొసైటీ అని ఒకటుంది, 1923 నుంచీ ఉంది. వాళ్ళు ఏటా అక్టోబర్ మొదట్లో, అంటే పో చనిపోయిన అక్టోబర్ 7కి దగ్గర్లో పడే ఆదివారం, ఒక స్మారకోపన్యాసం పెడతారు. టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. దాంతోపాటు ఆయన సమాధి దగ్గర పూలు పెట్టి నివాళి. ప్రోగ్రామ్ అంతే, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. కానీ ఈ దేశానికి వచ్చాక నేను వెళ్ళిన సాహిత్య సభలన్నిట్లోకీ ఇదే నా మనసుకి బాగా పట్టింది, ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగానే చెప్తా ఎందుకంటే సమాధి కథ తెలియకుండా వెళ్తే సగం అర్థం కాదు.

పో ఎవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1809లో బోస్టన్‌లో పుట్టాడు, 1849లో బాల్టిమోర్‌లో పోయాడు, నలభై ఏళ్ళే బతికాడు. గోడ వెనక శవం, నేల కింద కొట్టుకునే గుండె, కూలిపోయే పాత బంగళా, ఈ రకం కథలకి పెద్ద దిక్కు ఆయనే. మన వారపత్రికల్లో డిటెక్టివ్ సీరియల్స్ కోసం పోస్ట్‌మేన్ దగ్గర కాపలా కాసినవాళ్ళు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి, తెలివితో కేసు విప్పే డిటెక్టివ్, పక్కనుండి ఆ కథ చెప్పే స్నేహితుడు, చేతకాని పోలీసులు, ఈ అచ్చు మొత్తం 1841లో పో రాసిన ఒక్క కథతో మొదలైంది. 1845లో వచ్చిన రేవెన్ (అంటే పెద్ద కాకి) పద్యంతో దేశమంతా పేరు మోగిపోయింది, డబ్బులు మాత్రం రాలేదు. ఇక్కడి ఫుట్‌బాల్ టీమ్‌కి రేవెన్స్ అని పేరు కూడా ఆ పద్యం నుంచే, 1996లో ఊరివాళ్ళు ఓట్లేసి పెట్టుకున్నారు. పర్పుల్ జెర్సీ వేసుకుని తిరిగే మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసో నాకైతే అనుమానమే.

నేను వెళ్ళింది మా మామగారితో. ఆయన తెనాలి దగ్గర డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యారు, మా దగ్గరికి వచ్చినప్పుడల్లా మేం నయాగరా, న్యూయార్క్, మాల్స్, గుళ్ళు తిప్పుతాం, ఆయన ఏదీ కాదనరు కానీ కార్లో నిద్రపోతారు. ఈసారి మాత్రం "అమ్మాయ్, పో సమాధి మీ ఊరికి దగ్గరేనటగా, నలభై ఏళ్ళు పాఠం చెప్పానమ్మా ఆయన గురించి, ఒక్కసారి చూపిస్తావా" అని ఆయనంతట ఆయనే అడిగారు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగటమే అరుదు, అందుకని డేట్లు చూసి సరిగ్గా ఈ లెక్చర్ రోజే పెట్టుకున్నాం.

ముందు సమాధి. డౌన్‌టౌన్‌లో ఫాయెట్ స్ట్రీట్, గ్రీన్ స్ట్రీట్ కలిసే మూల మీద వెస్ట్‌మినిస్టర్ హాల్ అని పాత ఇటుకల చర్చి, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్ లా స్కూల్ పక్కనే ఉంటుంది, ఎదురుగా ఆసుపత్రులు, అంబులెన్సులు, బస్సులు. ఇంత రద్దీలో శ్మశానం ఏంటా అనిపిస్తుంది కానీ శ్మశానమే ముందు వచ్చింది, 1780ల నుంచే ఇక్కడ పూడ్చేవారు, చర్చి తర్వాత 1852లో సమాధుల మీద కమాన్లు కట్టి ఆ కమాన్ల మీద లేపారు. అంటే కొన్ని సమాధులు ఇప్పటికీ చర్చి నేల కింద చీకట్లో ఉన్నాయి. వాటిని చూపించే టూర్ ఉంటుంది కానీ రోజూ ఉండదు, ముందే కనుక్కుని వెళ్ళాలి. పైన ఉన్న ఆవరణ మాత్రం పగలంతా తెరిచే ఉంటుంది, డబ్బులేం అక్కర్లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళు, 1812 యుద్ధంలో ఈ ఊరిని కాపాడిన జనరల్ శామ్యూల్ స్మిత్, ఫోర్ట్ మెక్‌హెన్రీకి పేరిచ్చిన జేమ్స్ మెక్‌హెన్రీ, అందరూ ఇక్కడే ఉన్నారు. వాళ్ళ ముందు ఎవరూ ఆగరు, జనమంతా గేటు పక్కన ఉన్న ఆ ఒక్క తెల్ల రాయి దగ్గరే ఉంటారు.

ఆ రాయి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పాలరాయి, మనిషి కంటే ఎత్తు, ముందువైపు గుండ్రంగా పో ముఖం చెక్కి ఉంటుంది, వెనక పుట్టిన తేదీ, పోయిన తేదీ. పుట్టిన తేదీ జనవరి 20 అని చెక్కారు, ఆయన పుట్టింది 19న. మా మామగారు కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివి "తప్పు వేశారమ్మా" అన్నారు, ఆ గొంతులో పరీక్ష పేపర్లు దిద్దినప్పటి కష్టం ఉంది. కింద అంచు మీద అంతా పైసలు. పెన్నీలు. కొన్ని కొత్తవి మెరుస్తున్నాయి, కొన్ని వానకి తడిసి నల్లబడి రాయికి గోధుమరంగు మరకలు దింపాయి, వాటి మధ్య ఎండిన గులాబీలు, ఒక పెన్ను, రబ్బర్‌బ్యాండ్ పెట్టి చుట్టిన ఒక కాగితం. పక్కనే నిలబడ్డ కాలేజీ అమ్మాయి జేబులు తడుముకుని పెన్నీ లేక మా మామగారిని అడిగి తీసుకుని మరీ పెట్టింది.

ఈ పైసలు ఊరికే వచ్చినవి కాదు, వీటి వెనక కథ ఉంది. 1849 అక్టోబర్ 3న, ఇక్కడ ఎన్నికల రోజు, పో ఒక సారా కొట్టు దగ్గర ఒంటి మీద తెలివి లేకుండా దొరికాడు. ఒంటి మీద బట్టలు ఆయనవి కావు. రిచ్‌మండ్‌లో బయల్దేరింది సెప్టెంబర్ 27న, మధ్యలో ఆ రోజులన్నీ ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఆసుపత్రిలో చేర్చారు, నాలుగు రోజులకి ఆదివారం తెల్లవారుజామున పోయాడు. దేనివల్ల పోయాడో ఇప్పటికీ తేలలేదు. తాగుడన్నారు, దొంగ ఓట్లు వేయించడానికి మనుషుల్ని ఎత్తుకెళ్ళి బట్టలు మార్చి మళ్ళీ మళ్ళీ ఓటేయించే ముఠాల పని అన్నారు, 1996లో ఇక్కడి డాక్టర్ ఒకాయన రేబిస్ కావచ్చన్నారు. మర్నాడు సాయంత్రం ఈ ఆవరణలోనే వెనక పక్క తాతగారి స్థలంలో పూడ్చారు. వచ్చినవాళ్ళు పదిమంది లేరు, చలి, ముసురు, ప్రార్థన మూడు నిమిషాల్లో ముగించేశారట. సమాధి మీద పేరు లేదు, 80 అని నంబర్ వేసిన ఒక ఇసుకరాయి మాత్రం పెట్టారు. తర్వాత బంధువు ఒకాయన పాలరాయి చెక్కించాడు, అది పెట్టకముందే పట్టాలు తప్పిన రైలొచ్చి ఆ రాళ్ళ షెడ్డులో పడి ముక్కలు చేసింది. చదువుతుంటే పోనే రాసుకున్నాడేమో అనిపించే కథ.

ఇక్కడే టీచర్లు వస్తారు కథలోకి, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 1865లో బాల్టిమోర్ స్కూల్ టీచర్లు, ముందు నడిచింది సారా సిగర్నీ రైస్ అనే టీచరమ్మ, పోకి ఒక సమాధి కట్టిస్తామని చందాలు మొదలుపెట్టారు. పిల్లలు పైసాపైసా పోగేసి ఇచ్చారు, పద్యాలు చదివే ప్రోగ్రామ్‌లు పెట్టి టికెట్లు అమ్మారు, అయినా చాల్లేదు, పదేళ్ళు పట్టింది. చివర్లో ఫిలడెల్ఫియా పత్రికాధిపతి జార్జ్ చైల్డ్స్ 650 డాలర్లు ఇస్తే మొత్తం 1500 డాలర్ల పైచిలుకు అయ్యింది. ఈ ఊరి సిటీ హాల్ డిజైన్ చేసిన జార్జ్ ఫ్రెడరిక్‌తోనే డిజైన్ చేయించారు, శవపేటికని వెనక నుంచి తీసి గేటు దగ్గరికి తెచ్చి 1875 నవంబర్ 17న ఆవిష్కరణ చేశారు. పెద్ద పెద్ద కవులందరికీ ఆహ్వానాలు వెళ్ళాయి, ఉత్తరాలు రాసి ఊరుకున్నారు, పేరున్న కవుల్లో కదిలి వచ్చింది ఒక్క వాల్ట్ విట్మన్. అప్పటికే పక్షవాతం వచ్చిన మనిషి, వచ్చి వేదిక మీద కూర్చున్నాడు, మాట్లాడనన్నాడు, కూర్చున్నాడు. మూడు నిమిషాల అంత్యక్రియ జరిగిన మనిషికి ఇరవై ఆరేళ్ళ తర్వాత ఊరు ఊరంతా వచ్చి చేసిన కర్మ అది. చేయించింది బడిపంతుళ్ళు. ఇది చెప్తుంటే మా మామగారికి కళ్ళు చెమర్చాయి, ఆయనా పంతులే కదా.

రాయికి మిగతా పక్కల ఇంకో ఇద్దరి పేర్లు చూడండి. భార్య వర్జీనియా, ఆమె తల్లి మరియా క్లెమ్. మరియా క్లెమ్ పోకి మేనత్త, అంటే ఆయన చేసుకున్నది మేనత్త కూతురిని. ఇక్కడివాళ్ళు ఆ మాట వినగానే మొహం అదోలా పెడతారు, మనకి చుట్టరికం కొత్తేం కాదు, కానీ పెళ్ళినాటికి పిల్లకి పదమూడు, ఆయనకి ఇరవై ఏడు, అది మాత్రం ఎవరు విన్నా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఆమె ఇరవై నాలుగేళ్ళకే క్షయతో న్యూయార్క్ దగ్గర 1847లో పోయింది. మరియా క్లెమ్ అల్లుడు పోయాక ఇంకో ఇరవై రెండేళ్ళు ఎవరెవరి పంచనో బతికి 1871లో బాల్టిమోర్‌లోనే పోయింది, అదీ ఏ ఆసుపత్రిలో అల్లుడు పోయాడో ఆ భవనంలోనే, అప్పటికి దాని పేరు మారింది. వర్జీనియా అస్థికల్ని 1885లో తెచ్చి ఇక్కడ కలిపారు. జీవితంలో అద్దె కట్టలేక ఇల్లు మారుస్తూ ఉన్న ముగ్గురు ఇప్పుడు ఒకే రాయి కింద ఉన్నారు.

వెనక్కి నడిస్తే మొదట పూడ్చిన చోట ఇంకో రాయి ఉంటుంది, మీద కాకి బొమ్మ, అది 1913లో పెట్టింది. దాని మీద పూడ్చిన రోజు అక్టోబర్ 9 అని ఉంటుంది, నిజానికి 8. ఈ మనిషికి రాళ్ళ మీద తేదీలు కూడా కుదరలేదు.

నివాళి విషయానికొస్తే, చాలా చిన్నది. మేం వెళ్ళినప్పుడు ముప్ఫై నలభై మంది ఉంటారేమో, ఎక్కువమంది పెద్దవాళ్ళు, కొందరు కాలేజీ పిల్లలు, ఒక జంట మాత్రం పూర్తిగా నల్ల బట్టల్లో వచ్చారు. పూలదండ పెట్టారు, ఎవరో రెండు మాటలు చెప్పారు, ఒక పద్యం చదివారు. మైకు లేదు, అంబులెన్స్ సైరన్ వచ్చినప్పుడు చదివేవాళ్ళు ఆగారు, అది వెళ్ళాక ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలుపెట్టారు, ఎవరూ విసుక్కోలేదు. అయిపోయాక జనం ఒక్కొక్కళ్ళే దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మా మామగారు చేతులు జోడించి దణ్ణం పెట్టి, పెదాలు కదుపుతూ ఆనబెల్ లీ పద్యం మొదటినుంచి చివరిదాకా చదువుకున్నారు, సముద్రం ఒడ్డున రాజ్యంలో పోయిన పిల్ల గురించిన ఆ పద్యం ఆయన బీఏలో కంఠతా పట్టారట, ఒక్క పాదం తడబడలేదు. పక్కనున్న తెల్ల పెద్దాయన ఒకాయన గమనించి, తను కూడా లోగొంతుతో కలిపాడు. ఇద్దరికీ పరిచయం లేదు, పేర్లు కూడా అడుక్కోలేదు, పద్యం అయ్యాక షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు. నేను ఫొటో తీయలేదు, తీయబుద్ధి కాలేదు.

లెక్చర్ ఈనక్ ప్రాట్ లైబ్రరీ సెంట్రల్ బ్రాంచ్‌లో, క్యాథడ్రల్ స్ట్రీట్ మీద. సమాధి దగ్గర్నుంచి మైలు లోపే, మామూలువాళ్ళు ఒక పావుగంటలో నడుస్తారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కార్లో తీసుకెళ్ళండి. ఆ లైబ్రరీ దగ్గర పో ఉత్తరాలు, వస్తువుల కలెక్షనే ఉంది. చోటూ టైమూ ఒక్కో ఏడాది మారొచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఇక లెక్చర్ ఎలా ఉంది అంటే, ఇది స్టేజీ షో కాదు. పో వేషం వేసుకుని వచ్చి రేవెన్ చదివి భయపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. జీవితమంతా పో మీద పనిచేసిన ప్రొఫెసర్ ఒకరు వచ్చి కాగితాలు పెట్టుకుని గంటసేపు మాట్లాడతారు, తర్వాత ప్రశ్నలు. మాకు పడ్డ టాపిక్ గ్రిస్‌వోల్డ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పో గురించి మనం విన్న చెడ్డ మాటల్లో సగానికి పైగా ఈయన ఇంటి నుంచి వచ్చినవే.

రూఫస్ గ్రిస్‌వోల్డ్ అని పత్రికల ఎడిటర్, పోతో పాత కక్ష. పోని పూడ్చిన మర్నాడే, అక్టోబర్ 9న, న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో దొంగపేరుతో సంతాపవార్త రాశాడు. పో చనిపోయాడు, ఏడ్చేవాళ్ళు ఎక్కువమంది ఉండరు, ఎందుకంటే స్నేహితులు లేరు అని. ఆ వార్తతోపాటే ఆనబెల్ లీ పద్యం అచ్చయింది. అంటే పో రాసిన ఆఖరి గొప్ప పద్యం, ఆయన మీద చల్లిన మొదటి బురద, రెండూ జనం ఒకే రోజు ఒకే చోట చదివారు. ఈ సంగతి చెప్పినప్పుడు హాల్లో ఒక్కసారి గుసగుసలు వచ్చాయి. అక్కడితో ఆగలేదు, పో రచనలు అచ్చేసే బాధ్యత కూడా ఈయన చేతికే వెళ్ళింది. పుస్తకాల్లో 1850లో ఒక జీవితచరిత్ర చేర్చాడు, తాగుబోతు, పిచ్చివాడు, కృతఘ్నుడు అని. దానికి సాక్ష్యంగా పో ఉత్తరాలు వేశాడు, ఆ ఉత్తరాల్లో వాక్యాలు తనే కల్పించి చేర్చాడు.

స్క్రీన్ మీద ఆ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూపించారు, ఎడమ పక్క పో చేతిరాత, కుడి పక్క గ్రిస్‌వోల్డ్ అచ్చేసింది. పో చిన్న చిన్న అక్షరాలతో ముత్యాల్లా రాస్తాడు, కొట్టివేతలు దాదాపు ఉండవు. ఎడమ పక్క లేని వాక్యాలు కుడి పక్క వరసగా కనిపిస్తున్నాయి, గ్రిస్‌వోల్డ్‌ని పో పొగుడుతున్నట్టు, తనకి సాయం చేసినవాళ్ళ గురించే తేలిగ్గా మాట్లాడినట్టు. చూసేదాకా ఇంత పచ్చిగా ఉంటుందని నేను అనుకోలేదు. ఇది పూర్తిగా బయటపెట్టింది ఆర్థర్ హాబ్సన్ క్విన్ అనే ప్రొఫెసర్, 1941లో, అసలు ఉత్తరాలు వెతికి తెచ్చి లైను లైనూ పోల్చి. తొంభై ఏళ్ళు పట్టింది. ఈ తొంభై ఏళ్ళలో ప్రపంచం మొత్తం గ్రిస్‌వోల్డ్ చెప్పిన పోనే నిజం పో అనుకుంది, ఇప్పటికీ టీషర్ట్ మీద ఉన్నది ఆ పోనే.

లెక్చర్ ఇచ్చినావిడ పోని దేవుణ్ణి కూడా చేయలేదు, అది నాకు బాగా నచ్చింది. తాగుడు సమస్య ఉందనీ, అప్పులు చేశాడనీ, తోటి రచయితల మీద అనవసరంగా కాలు దువ్వాడనీ, కవి లాంగ్‌ఫెలోని కాపీ కొట్టావని వెంటపడ్డాడనీ అన్నీ చెప్పారు. కానీ ఏది ఎంత, దేనికి కాగితం ఉంది, దేనికి లేదు అని విడదీసి చెప్పారు. నాకు అప్పుడు అనిపించింది, ఈ మనిషికి అసలైన నివాళి ఇదే అని. పూలు అందరూ పెడతారు. పోయిన మనిషి మీద పడ్డ అబద్ధాన్ని ఒక్కో వాక్యంగా తీసి పక్కన పెట్టడం, ఏడాదికోసారి మళ్ళీ కొత్తవాళ్ళ ముందు తీయడం, అది ఓపికా ప్రేమా రెండూ ఉన్నవాళ్ళు మాత్రమే చేస్తారు. 1865లో టీచర్లు మొదలుపెట్టిన పనిని వీళ్ళు కొనసాగిస్తున్నారు, నిలబెట్టిన రాయి వాళ్ళది, చెప్తున్న మాట వీళ్ళది.

ప్రశ్నల టైమ్‌లో మా మామగారు లేచారు. నాకు గుండె దడదడలాడింది, ఆయన ఇంగ్లీష్ యాస ఇక్కడివాళ్ళకి అందుతుందో లేదో అని. ఆయన నిదానంగా, క్లాసులో అడిగినట్టే అడిగారు, గ్రిస్‌వోల్డ్ ఇంత చేసినా ఆ పుస్తకాలు ఆయన అచ్చేయబట్టే కదా పో మనకి మిగిలాడు, దీన్ని ఎలా చూడాలి అని. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అది చాలా కష్టమైన ప్రశ్న అని, అవునని ఒప్పుకుని, ఆ చెడ్డపేరే కొంతమంది చేత పుస్తకం కొనిపించింది కూడా అని, అదే టైమ్‌లో ఫ్రాన్స్‌లో బోదలేర్ పోని అనువదించి అక్కడ ఆయన్ని గొప్ప కవిగా నిలబెట్టడం గురించి, 1875 ఆవిష్కరణ సందర్భానికి అక్కడి కవి మల్లార్మే రాసిన సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) గురించి ఐదు నిమిషాలు చెప్పారు. అయిపోయాక వచ్చి మా మామగారితో మాట్లాడారు. ఎక్కడ చెప్పేవారు, పిల్లలు ఏ కథ ఇష్టపడేవారు అని అడిగారు. "అమాంటియాడో పీపా కథమ్మా, స్నేహితుణ్ణి గోడలో పెట్టి కట్టేసేది, వెనక బెంచీవాళ్ళు కూడా ఆ రోజు లేచి కూర్చునేవాళ్ళు" అని ఇంటికెళ్ళేదాకా ఆ సంగతే నాకూ, ఫోన్లో మా అత్తగారికీ చెప్తూ ఉన్నారు. కార్లో నిద్రపోలేదు.

జనవరి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పో సమాధి అనగానే చాలామందికి అదే గుర్తొస్తుంది. జనవరి 19 పో పుట్టినరోజు. దశాబ్దాలపాటు ఆ రాత్రి నల్ల కోటు, టోపీ, మొహానికి మఫ్లర్ చుట్టుకున్న ఎవరో ఒకరు వచ్చి మొదట పూడ్చిన చోట మూడు ఎర్ర గులాబీలు, సగం తాగిన కొన్యాక్ సీసా పెట్టి వెళ్ళిపోయేవారు. ఎవరో ఎవరికీ తెలీదు, 2006లో కొందరు ఆపి పట్టుకోబోయినా దొరకలేదు. 1990ల చివర్లో పెద్దాయన పోయారనీ, పని వారసులకి అప్పగించారనీ చీటీ దొరికింది. 2009లో, పో రెండువందలో పుట్టినరోజున ఆఖరిసారి వచ్చారు, 2010 నుంచి రాలేదు. తర్వాత 2016లో కొత్త మనిషిని ఎంపిక చేసి ఆ సంప్రదాయం మళ్ళీ మొదలుపెట్టారు. అది అందమైన విషయమే, నాకూ ఇష్టమే. కానీ ఎముకలు కొరికే చలిలో గేటు బయట నిలబడి ఒక ఆకారాన్ని చూడటం కంటే, అక్టోబర్‌లో కూర్చుని గంటసేపు వినడమే పోకి దగ్గరగా తీసుకెళ్తుంది. పేపర్లు రాసేదంతా జనవరి గురించే, ఈ లెక్చర్ గురించి ఎవరూ పెద్దగా రాయరు, అందుకే ఇంత రాస్తున్నా.

ఇంకో మాట, ఈ సీజన్‌లో డౌన్‌టౌన్‌లో దయ్యాల వాకింగ్ టూర్లు చాలా నడుస్తాయి. కిందటేడు పిల్లలతో ఒకదానికి వెళ్ళాం, మనిషికి బాగానే తీసుకున్నారు, గైడ్ అబ్బాయి పో సమాధి ముందు నిలబడి ఆయన మత్తుమందు తింటూ రాసేవాడని, పిచ్చెక్కి పోయాడని ధీమాగా చెప్పుకుంటూ పోయాడు, అదంతా గ్రిస్‌వోల్డ్ బాపతు సరుకే. డబ్బులిచ్చి అబద్ధం విన్నాం, ఇక్కడ ఊరికే నిజం చెప్తున్నారు. పేరు రాయను కానీ టూర్ బుక్ చేసుకునే ముందు ఆలోచించండి.

పిల్లల సంగతి. లెక్చర్ పన్నెండు పదమూడేళ్ళ లోపు వాళ్ళకి కాదు, వాళ్ళకి బోర్ కొడుతుంది, వాళ్ళని సమాధి వరకే తీసుకెళ్ళండి, పెన్నీ పెట్టించండి, ఆ టీచర్ల కథ చెప్పండి. హైస్కూల్ పిల్లలయితే కూర్చోబెట్టొచ్చు, ఇంగ్లీష్ క్లాసులో రేవెన్, గుండె కథ చదివే ఉంటారు. పెద్దవాళ్ళకి సమాధుల ఆవరణలో నేల ఎగుడుదిగుడు, ఇటుకలు పైకి లేచి ఉంటాయి, మంచి బూట్లు వేసుకోమనండి, చేతికర్ర ఉంటే తెచ్చుకోమనండి. కూర్చోవడానికి పెద్దగా ఏం ఉండదు. అక్టోబర్ కాబట్టి పల్చటి స్వెటర్ ఒకటి ఉంచుకోండి.

పార్కింగ్ ఆదివారం మరీ కష్టం కాదు, కానీ స్టేడియంలో రేవెన్స్ మ్యాచ్ ఉన్న రోజయితే ఆ చుట్టుపక్కల గ్యారేజీలు రేట్లు పెంచేస్తాయి, మేం పెట్టిన చోట మామూలు కంటే చాలా ఎక్కువ గుంజారు. ముందే మ్యాచ్ షెడ్యూల్ చూసుకోండి, లేదా మెట్రోలో లెక్సింగ్టన్ మార్కెట్ స్టేషన్‌లో దిగండి, అక్కణ్ణుంచి సమాధి దగ్గరే.

టైమ్ మిగిలితే నార్త్ ఆమిటీ స్ట్రీట్ 203 నంబర్ ఇల్లు కూడా చూడొచ్చు, పో 1833 ప్రాంతంలో నానమ్మ, మేనత్త, వర్జీనియాలతో ఉన్న ఇల్లు. ఇటుకలతో కట్టిన బుల్లి ఇల్లు, మెట్లు ఇరుకు, పైగదిలో పొడుగు మనిషి నిటారుగా నిలబడలేడు. 1833లో ఇక్కడి పత్రిక పెట్టిన పోటీలో సీసాలో దొరికిన రాతప్రతి అనే పో కథకి 50 డాలర్ల బహుమతి వచ్చింది, కథారచయితగా ఆయన్ని జనం గుర్తించడం అక్కణ్ణుంచే. 1941లో చుట్టూ ఇళ్ళు కూలగొడుతుంటే ఈ ఒక్కటీ మిగిలిందంటే ఈ సొసైటీవాళ్ళు అడ్డుపడబట్టే, 1949లో మ్యూజియం చేశారు. దానికి టికెట్ ఉంది, అన్ని రోజులూ తెరవరు. పెద్దవాళ్ళని మాత్రం ఆ మెట్లు ఎక్కించకండి, మా మామగారు కింద గదిలోనే కూర్చుని చూశారు.

వెళ్ళే ముందు ఏం చదవాలి అని అడిగితే, అషర్ వంశం కూలిపోయే కథ ఒకటి, గుండె కథ ఒకటి, ఆనబెల్ లీ ఒకటి, ఒక్క సాయంత్రంలో మూడూ అయిపోతాయి. రాలేనివాళ్ళకి కూడా దారుంది, ఈ సొసైటీ తమ సైట్‌లో పో రాసినవన్నీ, ఆయన బతికున్నప్పుడు ఒక్కో పత్రికలో ఒక్కోలా అచ్చయిన పాఠాలతో సహా, ఉచితంగా పెట్టింది, పాత లెక్చర్లు కూడా కొన్ని ఉన్నాయి. మా మామగారు ఇప్పుడు తెనాలిలో రోజూ పొద్దున కాఫీ తాగి అవే చదువుతున్నారు, రేవెన్ పద్యంలో పో ఏ మాట ఎప్పుడు మార్చాడో నాకు వాట్సాప్‌లో పంపిస్తున్నారు. వచ్చే అక్టోబర్‌కి టికెట్ ఎప్పుడు బుక్ చేస్తావమ్మా అని కూడా అడిగారు.

రేటింగ్ ఐదుకి ఐదు.